నాలుగు పాటలు, యాభై ఒక్క నిమిషాలు

ముందు మోత కాదు — ఒక వణుకు.

అరికాళ్ళలో మొదలవుతుంది. మోకాళ్ళ దాకా పాకుతుంది. పొట్టలో కాసేపు ఆగుతుంది. చెవికి తెలిసేది ఆ తర్వాతే... వదిన గిటారు మీద అన్నిటికన్నా లావు తీగను ఒకే ఒక్కసారి మీటిందని.

ఆ స్వరం గదిలో పొగమంచులా పరుచుకుంటుంది. కిటికీ అద్దాలు అదురుతాయి. కింద టైర్ల దుకాణంలో ఎవరో పని ఆపి తలెత్తి చూస్తారు.

మంచు కదలదు.

కదలడానికి తొందరేమీ లేదు.

ఈ సంగీతాన్ని డూమ్ అంటారు. బరువుగా, నెమ్మదిగా, సుడులు తిరుగుతూ సాగుతుంది. మత్తెక్కిన వాళ్ళ సంగీతమని దానికి పేరు. ఈ ముగ్గురికీ ఆ అలవాట్లేవీ లేవు. వదిన పళ్ళ డాక్టర్లకు కట్టుడు పళ్ళు చేసిచ్చే పనిలో ఉంది. బేస్ గిటారు వాయించే అతను లిఫ్టులు బాగుచేస్తాడు. లిఫ్టు చెడిపోయిన చోటికే కదా ఎప్పుడూ వెళ్ళాలి, మెట్లెక్కే తీరు చూసి అందరూ నత్త అని పిలుస్తారు. డ్రమ్స్ వెనక కూర్చునేది బస్సు డ్రైవరు; వదిన ఆమెకే వదిన. మత్తంటూ ఏదైనా ఉంటే అది ఆమె వేసుకునే మాత్రలదే.

బస్సు డ్రైవరు... అనడం అలవాటు.

పద్దెనిమిదేళ్ళు నడిపింది. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ డ్రైవరమ్మ అని పిలిచేవారు. రెండేళ్ళ క్రితం ఒక పొద్దున, వంతెన దిగుతుండగా, గేరు మీదున్న ఎడమ చెయ్యి ఆమె మాట వినడం మానేసింది. ఆ చేతి వంక చూసింది. ఎవరిదో చెయ్యిలా ఉంది. కుడిచేత్తో స్టీరింగు తిప్పి, బస్సును పక్కకు తీసి, ఆపింది.

ఇరవై ఆరుగురు ప్రయాణికులు. ఒక్కరికీ గీత కూడా పడలేదు.

"ఏమైందమ్మా, టైరు పోయిందా?" అని వెనక సీటులోంచి ఎవరో అడిగారు.

కాదని చెప్పాలనుకుంది. నోరు ఒక పక్కకు జారిపోయింది.

చెయ్యి తిరిగొచ్చింది. మాటా వచ్చింది. కాకపోతే చెయ్యి ఆలస్యంగా వస్తుంది. ఎత్తమంటే ఎత్తుతుంది — ఓ క్షణం ఆలోచించుకుని. డిపోలో ఆమెను జనం బస్సుల్లో మరిచిపోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. గొడుగులు. కళ్ళజోళ్ళు. ఒంటి చెప్పులు. పగలంతా వాటి మధ్య.

అంతకుముందు ఆ ముగ్గురి పాటలు పరుగెత్తేవి. మూడు నిమిషాల్లో ముగిసేవి. ఆమె ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో నెలలో వదిన గిటారు భుజానేసుకుని ఇంటికొచ్చింది. మంచం పక్కకు స్టూలు లాక్కుంది.

"నా పని అయిపోయింది వదినా. ఇంకొకర్ని చూసుకోండి."

"చిగురును బట్టి పన్ను చెక్కుతాం గానీ, పన్ను కోసం చిగురు చెక్కుతామా? నీ చెయ్యి ఎప్పుడొస్తే అప్పుడే వాయిద్దాం."

అలా పాటలు నెమ్మదించాయి.

మూడు నిమిషాల పాట తొమ్మిదైంది. వాగు వెడల్పై నది అయినట్టు. ఒకటి పంతొమ్మిదికి చేరింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య మంచు దిగేంత చోటు. "అక్కా, నా వేగానికి తగిన బ్యాండు ఇప్పటికి దొరికింది" అన్నాడు నత్త.

కొత్త ఆల్బమ్ తయారైంది. నాలుగు పాటలు, యాభై ఒక్క నిమిషాలు.

నాలుగు ఆదివారాలు, పొద్దున పూట రికార్డు చేశారు. స్టూడియో నడిపే సౌండాయన వారమంతా బట్టల దుకాణాల ప్రకటనలు రికార్డు చేస్తాడు. ఇంత మెల్లగా ఎవరైనా వాయించగా ఆయన ఎప్పుడూ వినలేదు. మొదటి రోజు మధ్యలో లేచొచ్చి, "అయిపోయిందాండీ?" అని అడిగాడు.

పది రోజుల తర్వాత వదిన పాటలు ఫోనుకు పంపింది.

ఆమె గొడుగుల మధ్య కూర్చుని వింది.

ప్రతి దెబ్బా పడాల్సిన చోటే పడింది. ఎడమ చేతి దెబ్బ కూడా. మళ్ళీ వింది. పంతొమ్మిది నిమిషాల పాట రెండుసార్లు వింది. ఎక్కడా తడబాటు లేదు. నది ఒడ్డు దాటలేదు.

బాగైపోయింది... చెయ్యి బాగైపోయింది.

ఎవరికీ చెప్పలేదు. ఆ మధ్యాహ్నమే మళ్ళీ బస్సు నడుపుతానని దరఖాస్తు రాసింది. డాక్టరు ఆమె వేళ్ళు పట్టుకుని లాగి చూశాడు. బలం ఉంది, పరీక్ష పెట్టి చూడండి అని రాసిచ్చాడు.

పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు ఆమె బస్సులోనే కండక్టరు.

"రా అక్కా. నీకు నేను పరీక్ష పెట్టడమేంటి, నా మొహం!"

ఖాళీ బస్సు. డిపో వెనక ఎత్తు. సీటు ఆమెను గుర్తుపట్టినట్టే ఉంది. సగం ఎత్తులో ఆపమన్నాడు. ఆపింది. మళ్ళీ పోనివ్వమన్నాడు.

గేరు మార్చమని చేతికి చెప్పింది.

చెయ్యి ఆలోచించింది.

బస్సు వెనక్కి జారింది. ఒక అడుగు... రెండు... కాలు బ్రేకు మీద పడేసరికి వెనక భాగం గోడను తాకింది. గోడ పెళ్ళ రాలిన చప్పుడు. అంతే.

"పర్లేదక్కా. చాన్నాళ్ళైంది కదా. ఇంకోసారి చూద్దాం."

ఆమె ఇంజను ఆపేసింది.

"వెనక మనుషులుంటే?"

ఆమె తాళం చెవి తీసి అతని చేతిలో పెట్టి, దిగిపోయింది.

పాటలో చెయ్యి సరిగ్గా ఉంది. బస్సులో లేదు. రెండిట్లో ఒకటి అబద్ధమాడుతోంది. బస్సుకు అబద్ధమాడటం రాదు.

యూనిఫాంలోనే స్టూడియోకు వెళ్ళింది.

"నా చేతిని ఏం చేశారు?"

సౌండాయన నీళ్ళు నమిలాడు. "మీ వదినగారు చెప్పొద్దన్నారు మేడమ్."

"చెప్పొద్దన్నారని చెప్పేశారుగా. మిగతాదీ చెప్పండి."

తెర మీద గీతలు చూపించాడు. దెబ్బ పడాల్సింది ఇక్కడ. పడింది ఇక్కడ. వాటిని కంప్యూటర్లో జరిపి సరిచేశాడట.

"ఎన్ని?"

"ఎడమ చేతివి... అన్నీ. ఇంకో మాట మేడమ్—"

ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

వదిన పనిగదిలో కిటికీ వెలుగులో కూర్చుని మైనపు పన్ను చెక్కుతోంది. అడుగుల చప్పుడు విని తల ఎత్తకుండానే అంది, "విన్నావా? ఎలా ఉంది?"

"ఎవరు వాయించారు అది?"

ఉలి ఆగింది.

"నువ్వు వింటే కుంగిపోతావని... ఒకసారి సరిగ్గా వింటే సంతోషపడతావని."

"సంతోషపడ్డాను. పడి, బస్సెక్కాను."

వదిన చేతిలోంచి పన్ను జారి కింద పడింది.

"బస్సా?"

"వెనక్కి జారింది. గోడ ఉంది కాబట్టి ఆగింది. గోడ స్థానంలో ఎవరైనా ఉంటే వదినా? ఈ పాటలు విని చెయ్యి బాగైందనుకున్నా. నువ్వు పంపావు కాబట్టి నమ్మా."

వదిన ఏడ్వలేదు. క్షమించమనీ అనలేదు. వంగి పన్ను వెతికింది. బల్ల కింద చాలాసేపు వెతికింది. పన్ను ఎక్కడుందో ఆమె చూసింది గానీ, చెప్పలేదు.

మర్నాడు పొద్దున మళ్ళీ సౌండాయన దగ్గరకు వెళ్ళింది. జరపక ముందుది వినిపించమంది.

"నిన్న మీరు వినిపించుకోకుండా వెళ్ళిపోయారు" అన్నాడాయన. "మీ దెబ్బలు మాత్రమే జరిపితే కుదర్లేదు మేడమ్. గిటారునూ జరపాల్సొచ్చింది. బేస్‌నూ జరపాల్సొచ్చింది. మీరెంత ఆలస్యమైతే వాళ్ళూ అంతే ఆలస్యం. ఒక్కోచోట ఒక్కోలా ఉంది మీ ఆలస్యం. ప్రతిచోటా ముగ్గురూ కలిసే పడ్డారు. ఎలాగో నాకు తెలియలేదు."

పంతొమ్మిది నిమిషాల పాట పెట్టాడు.

పొగమంచు దిగింది. చెయ్యి రావాల్సిన చోట రాలేదు. తీగ కూడా రాలేదు. గదంతా ఊపిరి బిగబట్టింది... వచ్చింది. ముగ్గురూ ఒక్కసారే వచ్చారు. నది రాయిని చుట్టి మళ్ళీ కలిసినట్టు.

మళ్ళీ. మళ్ళీ. పంతొమ్మిది నిమిషాలూ.

రెండేళ్ళుగా డ్రమ్స్ వెనక కూర్చుని ఆమె తన చేతినే చూసుకుంది. వాళ్ళిద్దరూ దాన్నే చూస్తున్నారని చూడలేదు.

"ఇదే బయటికి పంపండి" అంది.

ఆల్బమ్ అలాగే బయటికొచ్చింది. డ్రమ్మరు నిద్రపోతోందని ఒకరు రాశారు. ప్రతి దెబ్బకూ ముందు తన గుండె ఆగిందని ఇంకొకరు రాశారు. చాలామంది ఏమీ రాయలేదు. డిపో నుంచి కాగితం వచ్చింది, ఇక శాశ్వతంగా సామాన్ల గదే అని. సంతకం పెట్టింది. ఆ రోజు అన్నం సయించలేదు.

వదినతో మూడు వారాలు మాట్లాడలేదు. "మీరిద్దరూ ఇలాగే ఉంటే నేను నిజంగానే మెట్ల మీద నడుం వాల్చేస్తా" అని నత్త ఇద్దరికీ విడివిడిగా ఫోన్లు చేశాడు.

నాలుగో ఆదివారం టైర్ల దుకాణం పైనున్న గదికి వెళ్ళింది.

ఇద్దరూ అప్పటికే నిలబడి ఉన్నారు. ఆమె కూర్చుంది. స్టూలు సర్దుకుంది. ఎడమ చెయ్యి ఎత్తమంది. అది ఆలోచించుకుని, ఎత్తింది.

ఇక వెయ్యొచ్చు. చెయ్యి సిద్ధంగా ఉంది.

వెయ్యలేదు.

కావాలనే ఆపింది.

వదిన వేళ్ళు తీగకు వెంట్రుకంత దూరంలో నిలిచిపోయాయి. నత్త కళ్ళార్పడం లేదు. ఒకటి... రెండు... ఐదు... కింద ఎవరో టైరు దొర్లించుకుంటూ వెళ్ళారు. వదిన నుదుటి మీద చెమట చుక్క కనుబొమ దాకా వచ్చింది. తుడుచుకోలేదు.

ఎంతసేపు ఆగుతారో చూద్దామనుకుంది ఆమె.

పది... పదకొండు...

ఇద్దరూ ఆమె చేతినే చూస్తున్నారు.