తీసేసిన పేరా

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట నేను అనడం లేదు, మా డిపార్ట్‌మెంట్లో అందరూ అంటారు. నలభై మూడు మంది వ్యాసాలు బల్ల మీద పడేసి పది రోజుల్లో మార్కులు కావాలంటే కోపం మరి ఎక్కడుంటుంది?

మా కాలేజీలో వ్యాసాలు దిద్దడానికి ఒక పద్ధతి ఉంది. విద్యార్థి ముందు మొదటి ప్రతి చేత్తో రాసి ఇవ్వాలి. పక్కన వదిలిన ఖాళీలో నేను ఎర్ర ఇంకుతో ఏది బాగుందో, ఏది మార్చాలో రాస్తాను. దానికి మార్కులుండవు. అవి చూసుకుని రెండో ప్రతి రాస్తారు. మార్కులన్నీ దానికే. విషయానికి ముప్ఫై, అమరికకి ఇరవై, భాషకి ఇరవై. మిగిలిన ముప్ఫై సవరణకి, అంటే నేను చెప్పినవాటిలో ఎన్ని సరిచేశారన్నదానికి. ఆ తర్వాత రెండు ప్రతులూ పిన్ను చేసి తూకం మాస్టారికి పంపిస్తాను. ఆయన విడిగా మార్కులు వేస్తారు. ఇద్దరికీ పది మార్కులు మించి తేడా వస్తే కూర్చుని తేల్చుకోవాలి. తూకం మాస్టారన్న పేరు పిల్లలు పెట్టిందే. అర మార్కు వెయ్యాలన్నా ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని గానీ వెయ్యరు.

ఆ నలభై మూడు మందిలో ఒకతన్ని క్లాసంతా లిఫ్టాయన అంటుంది. నలభై దాటిన మనిషి. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్. ఇన్‌స్పెక్టర్ కావాలంటే డిగ్రీ ఉండాలన్నారని ఈ వయసులో చేరాడు. యూనిఫాంలోనే వచ్చి చివరి బెంచీలో కూర్చుంటాడు. సందేహాలు అడగడు. నేను ఏదైనా చెబితే మాత్రం జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి రాసుకుంటాడు. కిందటేడు నా పేపర్లో యాభై నాలుగు దగ్గర ఆగిపోయాడు. అరవై కావాలి. ఈసారి ఎలాగైనా గట్టెక్కాలని అతనికెంత ఉందో నాకూ అంతే ఉంది. ఒక మనిషిని రెండుసార్లు ఫెయిల్ చెయ్యడం నాకు మాత్రం సరదానా?

ఈసారి ఇచ్చిన అంశం, మీరు చేసే పనిని తెలియనివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పండి అని. లిఫ్టాయన మొదటి ప్రతి మీద నేను పంతొమ్మిది చోట్ల ఎర్ర ఇంకు పెట్టాను. దానితో కలిపి రెండో ప్రతి వచ్చింది. చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. పంతొమ్మిదికి పంతొమ్మిదీ సరిచేశాడు. విడగొట్టమన్న వాక్యం విడగొట్టాడు, ముందుకి తెమ్మన్నది తెచ్చాడు, తీసేయమన్నది తీసేశాడు. లిఫ్టు ఆగినప్పుడు దాని గడపా, అంతస్తు గడపా ఒకే మట్టానికి ఎలా తెస్తారో వరసగా చెప్పాడు. నా మాట ఇంత తూచా తప్పకుండా విన్నవాళ్ళు నా ఇంట్లో కూడా లేరు. ఎనభై నాలుగు వేశాను. మాస్టారు ఎనభై ఆరు వేశారు.

కాగితాలు ఫైల్లో పెట్టబోతూ మొదటి ప్రతి తిరగేశాను. నా ఎర్ర రాతల పక్కన, మార్కులు వేసేటప్పుడు నేను పట్టించుకోనివి, నీలం పెన్నుతో చిన్న చిన్న టిక్కులు కనిపించాయి. ఒక్కో టిక్కు పక్కనా తేదీ, పొట్టి సంతకం. ఒకసారి మా కాలేజీ లిఫ్టు దగ్గర ఇలాంటి కాగితమే వేలాడుతుంటే చూశాను. ఫిర్యాదుల షీటు. ఏ లోపం సరిచేస్తే దాని పక్కన టిక్కు పెట్టి, తేదీ వేసి సంతకం చెయ్యాలి. ఒక్కదానికి లేకపోయినా లిఫ్టు తెరవనివ్వరు. మనిషి నా వ్యాఖ్యలకీ అలాగే చేశాడన్నమాట. నాకు నవ్వొచ్చింది. మాస్టారికి చూపించి ఇద్దరం నవ్వుకుందామని లేచాను కూడా.

అప్పుడు తేదీలు చూశాను. పద్దెనిమిదింటికి పన్నెండో తారీకు. ఒక్కదానికి పదహారు.

అది మూడో పేరా. పేరా మీద ఈ మూల నుంచి ఆ మూలకి గీత కొట్టి, పక్కన పెద్ద అక్షరాలతో ‘అప్రస్తుతం. తీసేయండి’ అని రాసి ఉంది. రాసింది నేనే. ఎప్పుడు రాశానో గుర్తు లేదు. ముప్ఫై ఏడో కాగితమో ముప్ఫై ఎనిమిదో అయ్యుంటుంది. మెడ పట్టేసి, ఎప్పుడు లేద్దామా అని చూసే వేళ. పద్దెనిమిది పనులు ఒక్కరోజులో చేసినవాడికి ఒక పేరా కొట్టేయడానికి నాలుగు రోజులెందుకు పట్టింది? గీత కింద అక్షరాలు కూడబలుక్కుని చదివాను. అది అతని భార్య గురించి. ఆవిడ లిఫ్టు ‘ఎక్కేది’ అని రాశాడు. ‘ఎక్కుతుంది’ అని రాయలేదు. ఆ మాత్రం కూడా చూడకుండా గీత కొట్టిన చెయ్యిని ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

మర్నాడు ఫోన్ చేసి రమ్మన్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చాడు. పనిముట్ల సంచి గుమ్మం బయటే పెట్టి నిలబడ్డాడు.

“ఏదైనా మిగిలిపోయిందా మేడం?” అన్నాడు.

“ఏం మిగల్లేదు. కూర్చోండి. పాసయ్యారు. ఎనభై నాలుగు.”

ముఖం విప్పారుతుందనుకున్నాను. తలూపాడంతే. కుర్చీ అంచున కూర్చుని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

“ఇంట్లో చెప్పండి, సంతోషిస్తారు,” అన్నాను. కోపంలాగే నా నోటికీ అడ్డూ ఆపూ ఉండవు.

“ఇంట్లో మా అమ్మాయి ఒక్కతే మేడం. ఆరో తరగతి. వాళ్ళమ్మ పోయి రెండేళ్ళయింది.”

సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ బాధేసింది. ఆ పేరా కాగితం తీసి అతని ముందు పెట్టాను.

“దీని సంగతి అడుగుదామనే పిలిచాను. నేను సరిగ్గా చదవకుండా రాశాను. ఇది తీసేయాల్సిన పేరా కాదు. తప్పు నాది.”

అతను కాగితం వైపు చూశాడు. “నేను రాసింది గడప మట్టం గురించి కదా మేడం. మీరన్నది కరెక్టే. నాకే చెయ్యాడలేదు. అందుకే లేటయింది.”

“మళ్ళీ పెట్టేయండి. ఫైలు ఇంకా ఆఫీసుకి పంపలేదు. నేను మాస్టారితో మాట్లాడతాను.”

“వద్దు మేడం.”

“మార్కులు తగ్గుతాయనా?”

“అది కాదు.” కాగితాన్ని వేలితో నా వైపు జరిపాడు. “పేపర్లో పెడితే మళ్ళీ మార్కులు వేస్తారు కదా. మా ఆవిడకి మార్కులు వద్దు మేడం.”

నేను ఇరవై రెండేళ్ళుగా ఈ ఉద్యోగం చేస్తున్నాను. బల్ల మీదున్న ఎర్ర పెన్ను తీసి సొరుగులో పడేశాను.

తర్వాత అతనే మెల్లగా చెప్పాడు. మొదటి ప్రతి రాసేటప్పుడు అమ్మాయి పక్కనే కూర్చుందట. ఆ పేరా చదివి ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అందట. వాళ్ళమ్మ గురించి ఇంట్లో మాట్లాడుకోవడం అదే మొదలట. రెండో ప్రతి చదివి, ‘ఇందులో అమ్మ ఏది నాన్నా’ అని అడిగిందట. మేడం తీసేయమన్నారు అన్నాడట. ఆ పిల్ల మరి మాట్లాడలేదట.

“ఆ పేరా మళ్ళీ రాద్దామని కూర్చున్నాను మేడం, రెండుసార్లు. రావట్లేదు. మొదటిసారి ఏదో అలా వచ్చేసింది. ఈ కాగితం ఇస్తారా? అమ్మాయికి చూపించి తెచ్చేస్తాను.”

ఇవ్వడానికి లేదు. రెండు ప్రతులూ మూడేళ్ళు ఆఫీసు బీరువాలో ఉండాలి, ఆ తర్వాత చించేస్తారు. నాకు తెలిసి ఒక్క కాగితం కూడా గుమ్మం దాటలేదు. దాటించేద్దామా అన్నంత కోపం వచ్చింది, ఆ రూలు మీద కూడా కాదు, నా మీద నాకే. పక్కగదిలోంచి తూకం మాస్టారు వచ్చారు. అంతా విన్నట్టున్నారు, గోడలు పల్చన.

“ఫైల్లోది బయటికివ్వకూడదమ్మా,” అన్నారు. “జిరాక్స్ తీసివ్వొచ్చు. దానికి రూలేం లేదు.”

ఆయనే కాగితం పట్టుకెళ్ళి తీసుకొచ్చారు. చూస్తే ప్రాణం ఉసూరుమంది. నా ఎర్ర గీత జిరాక్స్‌లో నల్లగా, మరింత లావుగా పడింది. అతని అక్షరాలు సన్నవి. నా ‘అప్రస్తుతం’ మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఆ పిల్లకి ఇది చూపించమని ఎలా ఇవ్వను? లిఫ్టాయన మాత్రం దాన్నే జాగ్రత్తగా రెండు చేతులతో పట్టుకున్నాడు. “ఫరవాలేదు మేడం, కింద కనిపిస్తోంది,” అన్నాడు.

“ఏం ఫరవాలేదు? ఇలా ఇవ్వండి,” అని లాక్కున్నంత పని చేశాను. సొరుగులోంచి తెల్ల కాగితాలు తీసి అతని ముందు పెట్టాను. “నేను చదువుతాను, మీరు రాసుకోండి. చదవడానికి వీల్లేకుండా చేసిందాన్ని నేనే కదా.”

మాస్టారు తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయారు.

అతను సంచిలోంచి నీలం పెన్ను తెచ్చుకున్నాడు. నేను కాగితాన్ని కిటికీ వైపు పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. ఒక్కో ముక్కా ఆగి ఆగి, అతని చెయ్యి అందుకునేలా.

“మా బిల్డింగులో లిఫ్టు సర్వీసు చేసినప్పుడల్లా మొదట ఎక్కేది మా ఆవిడే. ఆవిడకి లిఫ్టంటే భయం. బయట ఎక్కడికెళ్ళినా, ఎన్ని అంతస్తులున్నా, చంకలో పిల్లతో మెట్లెక్కేది. నేను బాగుచేసిన లిఫ్టైతే అది అది మాత్రం ఎక్కేది. నిండా నీళ్ళున్న గ్లాసు తెచ్చి లిఫ్టులో కింద పెట్టుకుని పైదాకా వెళ్ళి దిగొచ్చేది. చుక్క ఒలికితే మళ్ళీ చెయ్యమనేది. ఒలక్కపోతే ఆ నీళ్ళు నాకిచ్చి తాగమనేది. మా కంపెనీ ఇన్‌స్పెక్టర్లు ఎవరూ అంత గట్టిగా చూడరు.”

ఒకచోట ‘అది’ అన్న మాట రెండుసార్లు పడింది. నా నాలుక తనంతట తనే ఒకటి మింగబోయింది. బలవంతాన ఆపుకుని రెండూ చదివాను. మనిషిని పోగొట్టుకుని రాసిన ఆ నాలుగు మాటల్నీ ముప్ఫై ఏడో కాగితమని చదివిన నా కళ్ళ మీద నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. గ్లాసు నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపేశాను. లిఫ్టాయన తలెత్తలేదు. “చెప్పండి మేడం,” అన్నాడు, క్లాసులో నోట్సు రాసుకునేవాడిలాగే.

“అంతే,” అన్నాను చివరికి. “పేరా అయిపోయింది.”

అతను పెన్ను మూయలేదు. కాగితంలో ఇంకా సగం ఖాళీ ఉంది. దానివైపు చూస్తూ కూర్చున్నాడు. నేను తొందర పెట్టలేదు, ఓపిక పట్టడం నాకు అలవాటు లేకపోయినా.

“ఇంకొకటుంది మేడం. అది అప్పుడు రాయలేదు. అమ్మాయికి కూడా చెప్పలేదు.”

“చెప్పండి.”

“ఆసుపత్రిలో మా ఆవిడని పైకి, ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నారు. స్ట్రెచర్ మీద. తలుపు తెరుచుకోగానే తెలిసింది మేడం, గడప వేలెడు కిందికి ఆగింది. చక్రం కొట్టుకుంది. ఆ లిఫ్టు మా కంపెనీది కాదు, నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఆవిడ భయపడింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ‘ఇది మీరు బాగుచేసిందేనా’ అని అడిగింది.”

అతను కాగితం అంచులు బల్ల అంచుకి సరిగ్గా జరిపాడు.

“ఆవిడ మళ్ళీ మాట్లాడలేదు మేడం, ఆ తర్వాత. దానికి నేను చెప్పిన జవాబే ఆవిడతో నా ఆఖరి మాట. అబద్ధం.” పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి చేశాడు. “ఇది కూడా ఉంచాలా, తీసేయాలా మేడం? మీరు చెప్పండి. అమ్మాయి చదువుతుంది కదా.”

వేల కాగితాల మీద ఉంచండి, తీసేయండి అని రాసినదాన్ని. అడగ్గానే చెప్పేదాన్ని. ఆ మధ్యాహ్నం మాత్రం కదిలితే తొణికిపోతానేమో అన్నట్టు కూర్చుని, మాట కూడగట్టుకున్నాను.

“ఉంచండి,” అన్నాను. “పిల్లకి తెలియాలి.”

“ఉత్తినే ‘అవును’ అన్నానని రాయనా? మర్యాదగా ఉంటుంది.”

“ఏమన్నారో అదే రాయండి.”

అతను కాగితం మీదికి వంగాడు. చాలాసేపు పట్టింది. రాస్తున్న ఒక్కో ముక్కా పెదాల మీద పలుకుతూ రాశాడు కాబట్టి నాకు వినపడింది. “నేనే చేశాను, భయపడకు అన్నాను. ఆవిడ చెయ్యి వదిలి పడుకుంది.”