బోణీ బేరం

వాసంతికి అంత మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో ఎల్బీనగర్‌లో అందరికీ తెలుసు, ఒక్క వాళ్ల నాన్న శంకరయ్యకు తప్ప.

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో ఆమె ఎకానమీ చెబుతుంది. సిలబస్‌లో చోటు దొరకని ఆర్థికవేత్తలంటే ఆమెకు పిచ్చి. ధర అనేది పైన కూర్చున్నవాడు నిర్ణయించేది కాదు, కొనేవాడూ అమ్మేవాడూ బేరమాడుకుంటే పుట్టుకొచ్చేది అన్నది వాళ్ల మాట. ఒకప్పుడు ఎవరూ పట్టించుకోని ఆ మాట ఈమధ్య మళ్లీ కుర్రకారు నోట నానుతోంది. ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం చూసి చూసి విసిగినవాళ్లు ఆదివారం ఆమె పెట్టే చర్చకు సైదాబాద్ నుంచీ మూసారాంబాగ్ నుంచీ వస్తున్నారు. సెంటర్ యజమాని జోగారావుకు అది నచ్చలేదు.

"పరీక్షలో రాని దానికి నా ఏసీ ఎందుకండీ మేడం?" అని గదికి తాళం వేయించాడు.

పోతే పోయిందనుకుని వాసంతి చర్చను నాన్న చీరల దుకాణం మేడ మీదికి మార్చింది. ఇంకేముంది, అసలు గొడవ అక్కడే మొదలైంది.

శంకరయ్య ఎల్బీనగర్‌లోని పోచంపల్లి చీరల దుకాణదారుల సంఘానికి అధ్యక్షుడు. పోటీపడి ధరలు తగ్గించుకుంటున్నామని సంఘం ఒక తీర్మానం చేసింది. సోమవారం నుంచి అందరిదీ ఒకటే రేటు, బేరం లేదు. ఆ బోర్డు రాసిపెట్టమని కూతురినే అడిగాడు.

"నేను రాయ నాయినా," అంది వాసంతి. "ఆదివారం పైన ఒకటి చెప్పి, సోమవారం కింద ఇంకోటి రాస్తే పిల్లలకు నా మొఖం ఎట్ల చూపియ్యాలె?"

"మీ అత్తకు ఎట్ల చూపిస్తవ్ మరి?" అన్నాడు శంకరయ్య. "రేటు పడితే ముందుగాల కోసేది మగ్గం మీది కూలే. మా అక్క ఇంకా నేస్తనే ఉన్నది. గా సంగతి మర్చినవా?"

రాజేశ్వరమ్మ అత్త నేసిన చీర కట్టుకునే వాసంతి తన మొదటి క్లాసు చెప్పింది.

"మర్వలే. రేటు బిగిస్తే కొనేటోళ్లు మెషిన్ ప్రింటు చీరలకు పోతరు. అప్పుడు అత్తకు కూలే ఉండదు."

"అయితే నీ ముచ్చట్లు ఇంకోతాన పెట్టుకో," అని మేడ తాళంచెవి జేబులో వేసుకున్నాడు. బోర్డు తనే రాసుకున్నాడు.

సోమవారం పొద్దున్నే వాసంతి తన పుస్తకాలు తీసుకుపోవడానికి వచ్చింది. ఏ పార్కులోనైనా కూర్చుందాం గానీ చర్చ ఆపేది లేదని అప్పటికే అందరికీ మెసేజ్ పెట్టేసింది. శంకరయ్య అగరువత్తి వెలిగిస్తున్నాడు. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి వచ్చిన సైదమ్మ అనే పెద్దావిడ నీలం చీర ఒకటి తీసి, రేటు తగ్గించమంది.

"బేరం లేదమ్మా. బోర్డు చూడు."

"నాకు సదువు రాదు కొడుకా. బోణీ గిరాకిని, జర చూసియ్యి."

శంకరయ్య తల తిప్పుకున్నాడు. ఆమె చీర మడిచి పెట్టి గడప దాకా వెళ్లింది. దుకాణం తెరిచిన నాటి నుంచి బోణీ గిరాకిని ఉత్తచేతులతో పంపి ఎరగడు ఆ మనిషి. ప్రాణం ఒప్పలేదు.

"అమ్మా, జర ఆగు. నీ మాటొద్దు, నా మాటొద్దు, నడిమిట్ల ఇయ్యి."

ఆమె ఇచ్చిన డబ్బు కళ్లకద్దుకుని గల్లాపెట్టెలో వేశాక, మెట్ల దగ్గర నిలబడ్డ కూతురు కనిపించింది. వాసంతికి నవ్వు పొంగుకొచ్చింది గానీ మింగేసింది.

"గీ పాటికి అన్ని దుకాణాల్ల బోణీ అయ్యే ఉంటది," అని గొణిగాడు శంకరయ్య. సంఘంలో అంతమంది కూర్చుని, బోణీ బేరం ఎవరూ కాదనలేరన్న సంగతే మరిచారు. బోర్డు గోడవైపు తిప్పిపెట్టి, తాళంచెవి తీశాడు. కానీ చేతికి ఇవ్వలేదు.

"ఆదివారం మా అక్కను పిలిపిస్త. రేటు దానంతటదే పుడ్తదని ముందుగాల ఆమెకు చెప్పు. ఆమె ముంగట చెప్పగలవా బిడ్డా?"

పిల్లలకు చెప్పడం వేరు, ఇది వేరు. అయినా వాసంతి చెయ్యి చాపింది.

"చెప్త. ఆమె అడిగినదానికల్లా జవాబిస్త. ఇయ్యలేకపోతే తాళం నేనే ఏసి, చెవి నీకు తెచ్చిస్త."

తాళంచెవి అందుకుని మేడ ఎక్కి, ముందు వరుసలో అత్త కోసం ఒక కుర్చీ వేసింది.