ఎడమవైపు పేరు

నా భార్య అన్న పాస్టరు. ఇరవై శతాబ్దాల క్రైస్తవ రచయితల మీద ఎనిమిది వందల పేజీల చరిత్ర రాసి, ప్రూఫులు తెచ్చి నా బల్ల మీద పడేశాడు. గుహల్లో రాసుకున్న సన్యాసులు, చెరసాల నుంచి ఉత్తరాలు పంపిన బిషప్పులు, మఠాల్లో కవిత్వం చెప్పిన స్త్రీలు, అందరూ ఉన్నారు. దేవుడే లేడనే నాకెందుకయ్యా ఈ పని అంటే, "నమ్మినవాడికి తప్పులు కనపడవు బావా. నీకైతే తప్పు దొరికితే పండగే కదా!" అన్నాడు.

చివరి అధ్యాయానికి వచ్చేసరికి మా అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. ఆమెకు తొంభై ఒకటి.

"మా అమ్మ పాట ఉందా, అల్లుడుగారూ?"

పాట ఉంది. ప్రసవమైన తల్లుల కోసం చర్చిలో నేటికీ పాడే కీర్తన అది. రచయితగా మాత్రం ఒక ఆర్గన్ వాద్యకారుడి పేరుంది. మంత్రసానిగా పనిచేసిన ఆమె తల్లి ఊసే లేదు.

"ఆధారం లేకుండా ఎలా రాయనమ్మా?" అన్నాడు ప్రూఫుల కోసం వచ్చి కూర్చున్న పాస్టరు.

"ఆధారమట! నేను నీ తల్లినని ఏ కాగితం చూసి నమ్మావురా? రేపు అచ్చుకు పోతోందిగా. పోయేలోగా ఆ పేరు కళ్లారా చూడాలి నేను."

నేను ఆమె మాటా నమ్మలేదు, కొడుకు మాటా నమ్మలేదు. అతని ఆధారం కీర్తనల పుస్తకం రెండో ముద్రణ. తిరగేశాను. నాలుగో శతాబ్దపు బిషప్పు కీర్తన కూడా ఆ వాద్యకారుడి పేరు మీదే ఉంది.

"మీవాడు పదిహేను వందల ఏళ్లు బతికాడా?"

"మా పరిశుద్ధ గ్రంథంలో కూడా మనిషి ఆయుష్షుకు తొమ్మిది వందల అరవై తొమ్మిదేళ్లే గరిష్ఠం," అన్నాడు మా పాస్టరు బావ, ముఖం వాడిపోయి.

మొదటి ముద్రణ ఎక్కడుందో నాకు తెలుసు. నేను పనిచేసిన గ్రంథాలయంలో, స్వరాలు అచ్చయిన పుస్తకం కాబట్టి సంగీత విభాగంలో పెట్టింది నేనే. బావ జీవితమంతా మత విభాగమే వెతికాడు.

సాయంత్రానికి తెచ్చి బల్ల మీద విప్పాను. ప్రతి కీర్తన పైనా ఎడమవైపు రాసినవారి పేరు, కుడివైపు బాణీ కట్టినవారి పేరు. రెండో ముద్రణలో స్వరాలు తీసేస్తూ కుడివైపు పేర్లు తొలగించాల్సింది పోయి, ఎడమవైపువి తొలగించారు. ఈ కీర్తనకు ఎడమవైపు అత్తగారి తల్లి పేరు, పక్కనే "మంత్రసాని" అని ఉంది.

అత్తగారు భూతద్దం అడిగి తీసుకుని, ఆ అక్షరాల మీద చాలాసేపు వంగి ఉండిపోయారు. బావ ఎర్రకలం తీసి ప్రూఫులో దిద్దాడు. ఆమె భూతద్దం అటు జరిపారు.

"'రాసినట్లు చెబుతారు' అని పెట్టావేంరా?"

"అది మా పద్ధతమ్మా."

"అల్లుడుగారూ, మీరేమంటారు?"

"రాసింది. అంతే," అన్నాను.

బావ ఆ రెండు మాటలూ కొట్టేసి "రచన" అని పెట్టాడు.