చలపతికి స్టార్ట్ కాని బండి

నేనొక పగబట్టిన మోటారు సైకిల్ని. పాము పగబడుతుందంటే చేతులెత్తి దణ్ణం పెడతారు, ఇనుము పగబడుతుందంటే మాత్రం నవ్వుతారు. నవ్వండి. నవ్వుతూనే వచ్చి ఒక్క కిక్కు కొట్టి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. ఎక్కడో ఉత్తరాది ఫ్యాక్టరీలో ఒకడు చక్రాలు బిగించాడు, ఒకడు ఇంజను కూర్చోబెట్టాడు, ఇంకొకడు ట్యాంకుకు ఎర్ర రంగు కొట్టి, ఆరిందో లేదోనని వేలు పెట్టి చూశాడు. మనుషులకు ఆ తొందర పుట్టుకతోనే వస్తుంది కాబోలు. లారీలో తాళ్లతో కట్టించుకుని ఒంగోలు చేరాను. అక్కడ నా చుట్టూ మూడుసార్లు తిరిగి, "ఇదే కావాల" అన్నవాడు శేషగిరి. అద్దంకికి ఇవతల వేములగుంట అనే ఊళ్లో పాల సొసైటీకి పాలు సేకరించేవాడు.

శేషగిరి నాకు రెండు వైపులా క్యాన్లు తగిలించి రోజూ నాలుగూళ్లు తిప్పేవాడు. బరువే, కాదనను. కానీ అతను నా ఒంట్లో నలత చెవితో వినేవాడు. పొద్దున్నే చలికి, పెట్రోలు కాస్త ఎక్కువ దిగేలా చోక్ లాగి రెండు కిక్కులు, ఇంజను వేడెక్కగానే చోక్ మూసెయ్యడం, ఇక ఆ రోజంతా దాని జోలికి పోకపోవడం. పసిపిల్లకు ఎంత పాలు పట్టాలో తల్లికి తెలిసినట్టు, నాకెంత పెట్రోలు కావాలో అతనికి తెలుసు.

అతని భార్య అంకమ్మ. పాల కేంద్రంలో కూర్చుని, వచ్చిన ప్రతి చెంబులో పాల చిక్కదనం చూసే లాక్టోమీటరు ముంచి, రీడింగు గట్టిగా చదివే పని ఆమెది. ఒక వేసవిలో శేషగిరి ఆమెకు కోసేసిన జొన్నచేలో నన్ను నడపడం నేర్పాడు. రెండుసార్లు పడింది. ఊరు ఊరంతా గట్టు మీద నిలబడి నవ్వింది. ఆమె లేచి, చీర దులుపుకుని, మళ్లీ ఎక్కింది. ప్లగ్గు విప్పడం, తుడవడం, బిగించడం కూడా నేర్చుకుంది. నా గుట్టంతా తెలిసినవాళ్లు ఈ లోకంలో ఆ ఇద్దరే.

అలాంటి శేషగిరి మూడు రోజుల జ్వరానికి పోయాడు. పన్నెండో రోజు ఇంకా విస్తళ్లు ఎత్తనేలేదు, అతని అన్న చలపతి వచ్చి గూట్లో ఉన్న నా తాళం చెవి తీసుకున్నాడు. సొసైటీ ప్రెసిడెంటు ఇతనే. "ఇంట్లో మగదిక్కు లేదు, దీనికి బండెందుకు?" అన్నాడు. అంకమ్మ తలుపు పట్టుకుని నిలబడింది.

అక్కడితో ఊరుకున్నాడా? వారం తిరక్కుండా ఆమెను పాల కేంద్రం నుంచి తీసేశాడు. "తెల్లారగానే నలభై మంది వచ్చే చోటది. పొద్దున్నే విధవరాలి ముఖం చూసి ఇంటికి పోతే గేదె చేపుద్దా?" అన్నాడు. తలలూపారు జనం. ఆమె గేదె పాలు మాత్రం సొసైటీకి రావచ్చట, ఆమె రాకూడదట. పక్కింటివాళ్లతో పంపాలట. పాలకు లేని మైల మనిషికి ఎక్కడినుంచి వచ్చిందో ఆ మహానుభావుణ్ణే అడగాలి.

ఇక నా బతుకు వినండి. చలపతికి శకునాల పిచ్చి. నన్ను స్టార్ట్ చేశాక పిల్లి అడ్డం వచ్చినా, ఎవరైనా ఒంటి తుమ్ము తుమ్మినా, కట్టెల మోపు ఎదురొచ్చినా, ఠక్కున ఇంజను ఆపేసేవాడు. లోపలికి పోయి, కాసేపు కూర్చుని, గుక్కెడు మంచినీళ్లు తాగి వచ్చి మళ్లీ మొదలుపెట్టేవాడు. మొదలుపెట్టిన ప్రతిసారీ చోక్ లాగేవాడు. ఇంజను కాలిపోతున్నా సరే, చోక్ లాగందే అతని చెయ్యి ఊరుకోదు. ఆ నీళ్ల చెంబు పట్టుకుని గడపలో నిలబడే పని అతని భార్య రాజ్యానిది. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమె మోసిన చెంబులన్నీ కలిపితే ఒక చెరువు నిండుతుంది.

అన్నింటికన్నా నన్ను మండించింది ఒకటుంది. అంకమ్మ ఇల్లు అదే వీధిలో, ఎదురు వరసలో. బండి చప్పుడు వినపడితే ఆమె వీధిలోకి రాకూడదని చలపతి కబురు పెట్టాడు. ఒకప్పుడు నా చప్పుడు వినగానే మొగుడొచ్చాడని పరుగున వచ్చి తలుపు తీసేది. ఇప్పుడు అదే చప్పుడుకు తలుపు వేసుకునేది. రోజూ పొద్దున ఆ గడియ పడే శబ్దం వినేవాణ్ణి. చలపతీ, నీకు ఒక రోజు రాకపోదు, ఆ రోజు నా కాళ్లు పట్టుకున్నా కదలను అని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. సొసైటీ ప్రెసిడెంటు పదవికి నామినేషన్లకు ఆఖరు రోజు. మధ్యాహ్నం మూడు గంటల లోపు పదహారు కిలోమీటర్ల దూరంలో టౌను ఆఫీసులో కాగితం పడాలి. మూడు దాటితే ఇంద్రుడొచ్చినా తీసుకోరు. చలపతికి బెంగేమీ లేదు, రెండుసార్లు ఏకగ్రీవంగా గెలిచినవాడు. పోటీ చెయ్యాలంటే ఇద్దరు సభ్యులు సంతకం పెట్టాలి. అతనికి ఎదురు సంతకం పెట్టే మొనగాడు ఊళ్లో లేడు. ఆ వారమంతా అంకమ్మ ఒక కాగితం చెంగున కట్టుకుని పదిహేను గడపలు ఎక్కి దిగిందని, ఒక్కరూ కలం పట్టలేదని అరుగు మీద చెప్పుకుని నవ్వుకున్నారు. నేను విన్నాను. చలపతి అందరికన్నా గట్టిగా నవ్వాడు.

పన్నెండు గంటల బస్సును వర్జ్యమని వదిలేశాడు. ఒంటిగంటన్నరకు వర్జ్యం దాటింది. తెల్ల బట్టలు వేసుకుని, జేబులో కాగితం పెట్టుకుని వచ్చి చోక్ లాగి కిక్కు కొట్టాడు. లేచాను. పిల్లి అడ్డం వచ్చింది. ఆపాడు, లోపలికి పోయాడు, నీళ్లు తాగాడు. మళ్లీ చోక్, మళ్లీ కిక్కు. లేచాను. అరుగు మీద పేరయ్య తుమ్మాడు. ఈ పేరయ్య రిటైరైన బస్సు కండక్టరు, ఒక గేదెతో సొసైటీలో సభ్యుడు. నశ్యం పీల్చేవాడు తుమ్మక ఏం చేస్తాడు? మళ్లీ లోపలికి, మళ్లీ నీళ్లు. మూడోసారి కట్టెల మోపు. నాలుగోసారి వచ్చి చోక్ లాగి కొట్టేసరికి నా గొంతుదాకా పెట్రోలు నిండింది. ప్లగ్గు తడిసి ముద్దయింది. నిజం చెప్పాలంటే నేను చేసిందేమీ లేదు, అతనే నన్ను ముంచాడు. కానీ గింజుకుంటే ఒక దగ్గు దగ్గి లేవగలిగేవాణ్ణేమో. గింజుకోలేదు.

పది కిక్కులు, ఇరవై కిక్కులు. చొక్కా వీపుకు అతుక్కుంది. ఊళ్లో ఉన్న మరో రెండు బళ్లలో ఒకటి పెళ్లికి పోయింది, రెండోదాని చక్రం విప్పి ఉంది. జనం మూగారు.

"పెట్రోలు అందట్లా, పక్కకు వంచండి!" అన్నాడు పేరయ్య. ముప్ఫై ఏళ్లు బస్సులో వెనక సీటు పక్కన నిలబడ్డవాడు కనుక ఇంజన్ల మీద మాట అతనిదే. వంచారు. ఉన్నది చాలక ఇంకాస్త పెట్రోలు దిగింది.

"ట్యాంకులో గాలి పట్టేసుంటది, మూత తీసి ఊదు" అన్నాడు మరొకడు. ఊదారు. ఇంకాస్త దిగింది. అజీర్తి చేసి పొర్లుతున్నవాడికి ఆకలేస్తోందేమోనని గారెలు పెట్టినట్టుంది వీళ్ల వైద్యం. తర్వాత నలుగురు కలిసి వీధి ఈ చివర నుంచి ఆ చివరకు తోశారు. వాళ్లకు ఆయాసం వచ్చింది, నాకు రాలేదు. ఆఖరికి చలపతి కసిగా ఒక్క తన్ను తన్నాడు. కిక్కు రాడ్డు ఎదురు తిరిగి అతని మోకాలి చిప్ప కింద తగిలింది. "అమ్మా!" అని కుంటుతూ కూలబడ్డాడు. ఆహా, ఆ సుఖం పెట్రోలు బంకులో కూడా దొరకదు.

"టైము రెండు" అన్నాడు పేరయ్య.

రాజ్యం నాలుగో చెంబు పట్టుకుని గడపలోకి వచ్చింది. "అంకమ్మను పిలిస్తే పోద్దిగా. దాని నాడి ఆ పిల్లకే తెలుసు" అంది.

"బయల్దేరే టయానికి దాని ముఖమా? మతుండే మాట్లాడతన్నావా?"

"అయితే కూచోండి. మూడయిందాకా నీళ్లు తాగతా కూచోండి."

చలపతి ముఖం మాడిపోయింది. కాసేపు గడియారం చూశాడు, కాసేపు నన్ను చూశాడు. "సరే పిలువు. కానీ వెనకమాల నుంచి రమ్మను. ఎదురు మాత్రం రావద్దను" అన్నాడు.

రాజ్యం వెళ్లింది. వెళ్లిన మనిషి పది నిమిషాలైనా రాలేదు. చలపతి గోల భరించలేక పేరయ్య, "నే చూసొస్తా ఉండు" అని ఆ ఇంట్లోకి వెళ్లాడు. అతనూ ఐదు నిమిషాలు రాలేదు. చివరికి ముగ్గురూ వచ్చారు. అంకమ్మ దొడ్డిదారిన తిరిగి నా వెనక నుంచి వచ్చింది. చలపతి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. బెత్తం పట్టిన మాస్టారు ఒక్కడే తక్కువ, బడిలో శిక్ష వేసి గోడ వైపు తిప్పి నిలబెట్టినట్టే ఉంది.

రెండేళ్ల తర్వాత ఆమె చెయ్యి నా మీద పడింది. ఏడుపొచ్చింది నాకు. ఆమె పెట్రోలు ట్యాపు కట్టింది. పానా తీసి ప్లగ్గు విప్పింది. కారుతున్న ప్లగ్గు చూసి, "ఇందాకట్నుంచి చోక్ లాగింది ఎవరు?" అంది. గోడ దగ్గింది. ప్లగ్గును చెంగుతో తుడిచి, వేడి చెయ్యమని రాజ్యం చేతికిచ్చింది. రాజ్యం దాన్ని పొయ్యి దగ్గరకు తీసుకుపోయింది. ఈలోగా అంకమ్మ చోక్ మూసి, ఎక్సలేటరు పూర్తిగా తిప్పి పట్టుకుని, ప్లగ్గు లేని ఇంజనుకు పదిహేను ఖాళీ కిక్కులు కొట్టింది. లోపలున్న పెట్రోలంతా తుంపరగా బయటికి పోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది. వేడి ప్లగ్గు బిగించి, ట్యాపు విప్పి కిక్కు కొట్టింది.

నేను లేవలేదు. లేవగలను. కానీ ఎవరికోసం? తల్లీ, నీ మీద కోపం కాదు, వాణ్ణి మళ్లీ ఆ కుర్చీ దగ్గరకు మోసుకుపొమ్మంటే నా వల్ల కాదు. రెండో కిక్కుకూ లేవలేదు. అంకమ్మ వైరు సర్దుతున్నట్టు వంగి, ట్యాంకుకు నోరు ఆనించి, "లెయ్యవే. ఆయనకు కాదు, నాకే" అంది.

మూడో కిక్కుకు వీధి దద్దరిల్లేలా లేచాను.

ఆ సంబరంలో చలపతి గోడను మరిచిపోయి గిర్రున తిరిగాడు. తిరిగేసరికి హ్యాండిలు పట్టుకుని అంకమ్మ, ముఖానికి ముఖం. అతని పెదవులు తెల్లబడ్డాయి.

"రెండూ ఇరవై అయిదు! ఎక్కి పోవయ్యా!" అని అరిచాడు పేరయ్య.

"ఒక్క గుక్క! ఒక్క గుక్క తాగొస్తా. ఇంత ఎదురయ్యాక దార్లో ఏం జరుగుద్దో ఏమో!" అని కుంటుకుంటూ గడప ఎక్కాడు. ఎక్కి, వెనక్కి చూడకుండానే అంకమ్మకు హుకుం వేశాడు. "ఇంజను ఆపమాక! పట్టుకోనుండు!"

"అట్టాగే బావగారూ" అంది అంకమ్మ.

లోపల నుంచి రాజ్యం గొంతు వినిపించింది. "బిందె ఖాళీ అండీ. బావి కాడికి పోయి తోడుకొస్తా, కూచోండి."

అంకమ్మ చెంగు బొడ్లో దోపింది, ఎక్కింది, గేరు వేసింది. నా జన్మలో అంత వేగంగా పోయింది లేదు. దారిలో పిల్లులు వచ్చాయో, మోపులు వచ్చాయో మేమిద్దరం చూసుకోలేదు. టౌను ఆఫీసు కిటికీ పక్కన నన్ను నిలిపినప్పుడు లోపల గడియారం మూడుకు పది నిమిషాలు తక్కువ.

గుమాస్తా కళ్లజోడు సవరించుకుని కాగితం గట్టిగా చదివాడు. "ప్రెసిడెంటు పదవికి అంకమ్మ. బలపరిచినవారు పేరయ్య. ప్రతిపాదించినవారు రాజ్యలక్ష్మి, భర్త పేరు చలపతి." తల ఎత్తాడు. "ఏమ్మా, మీ ప్రెసిడెంటు గారి భార్యేనా?"

"అవునండీ. గేదెలు అక్క పేరునే ఉన్నాయి, ఆమే సభ్యురాలు."

"ఇంకు ఇంకా ఆరలేదే!"

"ఇప్పుడే పెట్టిందండీ."

మూడయింది. గుమాస్తా పుస్తకం మూశాడు. వచ్చింది ఒక్కటే కాగితం. చలపతి పాల వ్యాను పట్టుకుని మూడూ ఇరవైకి వచ్చి మెట్ల మీద కేకలు వేశాడట, మేం అప్పటికే దారిలో ఉన్నాం. తిరుగు దారిలో అంకమ్మ నాతో మాట్లాడుతూనే ఉంది. "అక్క ఏమందో తెలుసా? సంతకం పెట్టి, రేపు ఆయన పోతే ఈ తలుపు నాకూ ఎయ్యమంటారు గదే అంది." ఆ మాట చెప్పి చాలాసేపు ఏడ్చింది. పగంతా నాదే అనుకుని మురిసిపోయిన నాకు అప్పుడు కొంచెం సిగ్గేసింది.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను పాల కేంద్రం పక్క రేకుల కింద ఉన్నాను. టైర్లు మట్టిలో కూరుకుపోయాయి, సీటు ఎలుకలు కొట్టేశాయి. పాత ఇనుమువాడు వచ్చినప్పుడల్లా నా చుట్టూ తిరిగి పోతున్నాడు. పట్టుకుపోతే పోనీ. నేను చూడవలసింది చూసేశాను.

అంకమ్మ ప్రెసిడెంటయ్యాక రీడింగు తీసే పని ఇంకొకరికి ఉంచకుండా మళ్లీ తనే తీసుకుంది. రెండు నెలలు చలపతి ఇంటి పాలు రాజ్యమే తెచ్చింది. ఒక రోజు ఆమె, "నాకు కాళ్లు నొప్పులు, మీరే పోండి" అని కూర్చుంది. తెల్లవారుజామున చలపతి చెంబు పట్టుకుని వరసలో నిలబడ్డాడు. ముందు ముప్ఫై మంది, వెనక పది మంది. అతని వంతు వచ్చింది. చూపు నేల మీదే పెట్టి చెంబు ముందుకు తోశాడు. అంకమ్మ పాలలో లాక్టోమీటరు ముంచి, చెంబును తన కళ్లకు సరిగ్గా ఎత్తి పట్టుకుంది.

"తల ఎత్తండి బావగారూ. పాలు పోసినవాళ్లే రీడింగు చూసుకోవాల. రూలు."

చలపతి తల ఎత్తాడు.