నమస్కారం తర్వాత

శివమ్మ ఉద్యోగం తేలిపోవడానికి ఒక్క రోజు ఉందనగా, మధ్యాహ్నం ఆమె సబియా టేబుల్ ముందుకొచ్చి నిలబడింది. కుడి చేతికి మోచేతి దాకా కట్టు. కాజీపల్లిలోని ఆ మందుల కంపెనీలో, డ్రైయర్ సెక్షన్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్న మనిషి. పోయిన నెల పైపు జాయింట్ ఊడి, మరిగే ద్రవం చేతి మీద పడింది. అది చాలదన్నట్టు, లీకు సంగతి ముందే తెలిసీ పైవాళ్లకు చెప్పలేదని ఆమెనే సస్పెండ్ చేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. రేపు విచారణ, ఆ తర్వాత ఇంటికి పంపడమే.

"నేను చెప్పిన బిడ్డా. ఫిర్యాదులకని కంపెనీ ఇచ్చిన మెయిల్‌కు ఫోన్ల రాసిన. ఏడో క్లాసు చదివినదాన్ని, రాయరాదా నాకు?"

సబియా అక్కడ కంప్యూటర్ల పని చూస్తుంది. సంగారెడ్డి నుంచి వచ్చి పోతుంది. చేరి నాలుగు నెలలే, ఇంకా పర్మనెంట్ కాలేదు. వచ్చిన మెయిళ్లను చదివి జాబితా చేసే ప్రోగ్రాం ఆమెది కాదు. ఇంతకుముందు పనిచేసినాయన రాసి వెళ్లాడు. జాబితా తెరిచి చూసింది. ఫిర్యాదుల్లో శివమ్మ పేరు లేదు. శుభాకాంక్షల్లో ఉంది.

"శుభాకాంక్షలేంది? పండుగకు మెయిల్ పెట్టిననా నేను?" శివమ్మకు ఒళ్లు మండింది.

అక్కడ కనిపిస్తున్నది ఇంతే: సార్ నమస్కారం నే. మెయిల్ లోపల చూస్తే ఖాళీ.

"అక్కా, ముచ్చటంత ఏ డబ్బాల రాసినవ్?"

"అడ్రస్ కింద డబ్బా ఉంటది గద, దాంట్ల. అందరం దాంట్లనే రాస్తం."

అది సబ్జెక్టు రాసే చోటు. వాళ్లకు మెయిల్ ఎలా రాయాలో కంపెనీ నేర్పిందా? గేటు దగ్గర అడ్రస్ అంటించి ఊరుకుంది.

సబియా ఆ మెయిల్ అసలు రూపం బయటికి తీసింది. తెలుగు మచ్చుకైనా లేదు. =?UTF-8?B? అని మొదలై, ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా సాగి, ?= అని ముగిసే మూటలు, ఒకటి కింద ఒకటి. అడ్రస్, సబ్జెక్టు ఉండే మెయిల్ పై వరసలను ఇంగ్లీషు కోసమే పుట్టించారు. తెలుగు అందులో ప్రయాణం చేయాలంటే ఇలా మూటగట్టుకుని పోవాల్సిందే. ఒక్కో మూటలో మూడు మాటలు పట్టడం గగనం. శివమ్మ రాసింది తొమ్మిది మూటలైంది. పాత ప్రోగ్రాం మొదటి మూట విప్పి చేతులు దులుపుకుంటోంది. మొదటి మూటలో ఏముంటుంది? మన వాళ్లు పై అధికారికి రాస్తూ దండం పెట్టకుండా మొదలుపెడతారా? నమస్కారం కనబడింది, లోపల ఖాళీ, ఇంకేం, శుభాకాంక్షలని పక్కన పడేస్తోంది. మర్యాద తెలిసిన పాపానికి వాళ్ల మొర బుట్టదాఖలైంది.

సబియా పది వరసల కోడు రాసింది. మొదటిసారి ఏ మూటకామూట విప్పితే, అక్కడక్కడ ఒక అక్షరం రెండు మూటల మధ్య తెగి ప్రశ్నార్థకాలు వచ్చాయి. అప్పుడు లోపలి సరుకంతా ముందు ఒక్కచోట చేర్చి, ఆ తర్వాత తెలుగులోకి మార్చింది.

సార్ నమస్కారం నేను డ్రైయర్ శివమ్మను మూడో లైన్ పైపు జాయింట్ కారుతుంది కండ్లు మండుతున్నయి రెండు సార్లు చెప్పిన ఎవరన్న కాలకముందే బాగు చేయించండి.

తేదీ చూసింది. ప్రమాదానికి తొమ్మిది రోజుల ముందు. సబియాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కోపంలోనే మిగతా శుభాకాంక్షలన్నీ విప్పేసింది. మూడో లైను గురించే శివమ్మతో కలిపి ఇరవై ముగ్గురు రాశారు.

మేనేజర్ రాజారావు అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు. "శభాష్. రేపట్నుంచి కరెక్టుగా వచ్చేటట్టు చెయ్. పాతవి మాత్రం ముట్టకు. నీ పర్మనెంట్ కాగితం ఇంకా నా టేబుల్ మీదనే ఉన్నది, యాదికుందా?"

"ఉండనీయండి సార్. దాని మీద ఛాయ్ గ్లాసు పెట్టుకోండి," అని సబియా బయటికొచ్చింది.

మర్నాడు పొద్దున విచారణకు హెడ్డాఫీసు నుంచి విజయకుమారి వచ్చింది. ఫిర్యాదు రాలేదని రాజారావు జాబితా చూపించాడు. ఆమె శివమ్మ ముందుకు సంతకానికి కాగితం జరుపుతుండగా, ఎవరూ పిలవకుండానే సబియా లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టింది. మూటలు చూపించింది, విప్పి చూపించింది, శివమ్మ మెయిల్ గొంతెత్తి చదివింది. ఆపమన్నా ఆపకుండా మిగిలిన ఇరవై రెండూ చదివింది.

రాజారావు తన జాబితాను పక్కకు నెట్టాడు. "మేడమ్, ఫిర్యాదు ఇంగ్లీషులోనే రాయాలని రూలు..."

"పైపు ఇంగ్లీషుల కారిందా సారూ?" అంది శివమ్మ.

విజయకుమారి నవ్వలేదు. సంతకం కాగితం వెనక్కి తీసుకుని అడ్డంగా గీత కొట్టింది. "సస్పెన్షన్ తీసేస్తున్నాం. సోమవారం డ్యూటీకి రా శివమ్మా. ఫైలు ముగించాలి కాబట్టి, జరిగినదానికి విచారిస్తున్నానని ఒక్క ముక్క రాసిచ్చెయ్, చాలు."

కాజీపల్లిలో ఎవరైనా రాసిచ్చేస్తారు. ఉద్యోగం దక్కింది, ఒక్క వాక్యంతో పోయేదేముంది? సబియా కూడా అదే అనుకుంది. శివమ్మ మాత్రం కట్టు కట్టిన చెయ్యి బల్ల మీద పెట్టింది.

"నేను రాసేది ఎప్పుడో రాసిన మేడమ్. ఇప్పుడు రాసేది సారు. తప్పైందని ఇరవై ముగ్గురికీ రాయాలె, తెలుగుల రాయాలె. గది నా ఫోన్లకు వచ్చినంకనే నేను లేస్త."

విజయకుమారి రాజారావు వైపు చూసింది. అతను లాప్‌టాప్ వైపు చూసి, తెలుగులో టైపు చెయ్యడం తనకు రాదన్నాడు.

సబియా కుర్చీ లాక్కుని అతని పక్కనే కూర్చుంది. "మీరు చెప్పండి సార్. నేను కొడత."