ఆకు పడని బకెట్

గుడులా ఇంట్లో ఐస్ వైన్ కొనాలంటే ముందు కూర్చోవాలి. ఆ ఇంటి పద్ధతి అది.

"నిలబడి తాగేవి గుర్రాలు. కూర్చోమ్మా," అంది ఎనభై ఏళ్ళ ఆ ముసలావిడ, బల్ల మీది రొట్టెముక్కల పొడిని అరచేత్తో తుడుస్తూ.

వీబ్కె కోటు విప్పకుండానే కూర్చుంది. సముద్రపు ఒడ్డునున్న హుసుమ్ నుంచి పొద్దుననగా బయలుదేరి ఒక్కతే కారు నడుపుకుంటూ వచ్చింది. మధ్యాహ్నం మూడు కావస్తున్నా మోజెల్ నది మీది పొగమంచు వీడలేదు. కిటికీలోంచి ద్రాక్షకొండ నడుం దాకానే కనిపిస్తోంది. పైసగం ఉందో లేదో తెలియడం లేదు. ఈ ఇంటి వైన్‌ని ఆమె ఇరవై ఏళ్ళకు పైగా పోస్టులో తెప్పించుకుంది గాని, గడప తొక్కడం ఇదే మొదటిసారి.

"రెండు వేల రెండు ఐస్ వైన్ ఒకటివ్వండి. చిన్న సీసా చాలు."

"ఐస్ వైన్ చిన్న సీసాలోనే ఉంటుంది. చలికి తీగ మీదే గడ్డకట్టిన ద్రాక్ష ఎంత పిండినా ఇచ్చేది నాలుగు చుక్కలేగా." గుడులా తల పక్కకు వంచి చూసింది. "ప్రతి ఏప్రిల్‌కీ ఒకటి తెప్పించుకునే హుసుమ్ ఆవిడవి నువ్వేనా? ఆ ఏడే ఎందుకమ్మా? పిల్లలెవరైనా పుట్టారా అప్పుడు?"

పుట్టిన ఏడు వైన్ కొని దాచుకోవడం అందరూ చేసేదే. వీబ్కె తల అడ్డంగా ఊపింది.

"పుట్టిన ఏడు కాదు, చనిపోయిన ఏడు. మా తమ్ముడు హెన్నింగ్. మీ కొండమీదే, ఆ జనవరిలో."

గుడులా చెయ్యి బల్ల మీద ఆగిపోయింది.

"ఆ పొడుగు పిల్లాడి అక్కవా! ఇన్నేళ్ళూ వేరే ఇంటిపేరుతో రాశావే."

"మా ఆయన పేరు అది. చెప్పాలనిపించలేదు."

వీబ్కె వచ్చిన పని చెప్పింది. ఏటా ఏప్రిల్‌లో హెన్నింగ్ పుట్టినరోజున వాళ్ళమ్మ ఈ వైన్ ఒక గ్లాసులో పోసి, అతను కూర్చునే చోట పెట్టేది. వాడు ఆఖరిసారి కోసిన పండు, వాడి చేతులు తగిలిన రసం, అనేది. నిరుడు అమ్మ పోయింది. పోయేముందు ఆ గ్లాసు ఆపొద్దని కూతురిచేత మాట తీసుకుంది. ఇంట్లో ఉన్న చివరి సీసా కూడా అయిపోయింది.

అంతా విని గుడులా మెల్లగా అంది. "జనవరి కోత అంటే సీసా మీద రెండు వేల రెండు ఉండదు తల్లీ. కోసిన రోజు కాదు, పండు పండిన ఏడే లెక్క. ఆ కోత రెండు వేల ఒకటి."

వీబ్కెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం కందిపోయింది.

"అంటే మేం ఇన్నాళ్ళూ తాగింది..."

"ఆ డిసెంబరులో కోసింది. వాడు పోయిన పదకొండు నెలలకి."

"ఫోన్లో ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"ఎందుకని నువ్వు ఒక్క మాట చెప్పావా? ఏడు చెప్పావు, పంపాం. షూ కొనేవాణ్ణి ఎక్కడికి నడుస్తావని అడుగుతామా?"

వీబ్కె లేవబోయింది. అమ్మ అన్నేళ్ళు ఎవరిదో వైన్ ముందు కూర్చుని కొడుకుతో మాట్లాడిందన్న సంగతి ఆమెకు మింగుడు పడలేదు. కాని గుడులా అప్పటికే నేలమాళిగ మెట్లు దిగుతోంది. కాసేపటికి రెండు సన్నని సీసాలతో పైకొచ్చింది. రెండూ ఒకే అరలోవి. ఒకే అలమరలోంచి రెండు గ్లాసులు తీసింది. రెండింట్లోనూ రెండేసి గుక్కల వైన్ పోసింది.

"ముందు రెండు వేల ఒకటి చూడు."

ముదురు బంగారు రంగు. నాలిక మీద మొదట తేనె, వెంటనే ఎండిన ఆప్రికాట్, చివర్న దవడలు బిగిసేంత పులుపు. తప్పు పట్టడానికేమీ లేదు.

"ఇదే ఇవ్వండి," అంది వీబ్కె.

"ఇస్తాను. తెలిసి కొనుక్కో. ఇందులో మీ తమ్ముడు కోసిన గింజ ఒక్కటి కూడా లేదు."

వీబ్కె గ్లాసు దించేసింది.

"వాడు పోయేదానికి ముందురోజు నేనే పని నేర్పాను," అంది గుడులా. "సముద్రం వైపు పిల్లాడు, తీగనెప్పుడూ ముట్టినవాడు కాదు. గుత్తితోపాటు ఆకులు కూడా బకెట్లో వేసేవాడు. బాగా తిట్టాను. గానుగలోకి ఒక్క ఆకు రాకూడదురా, చేదెక్కుతుంది అన్నాను. నవ్వి, రేపు చూడండి ఒక్కటి కూడా రాదు అన్నాడు. తెల్లారుజామున సున్నాకి తొమ్మిది డిగ్రీలు కిందికి దిగింది. వాడు అందరికంటే ముందు పైకి పోయాడు. పై వరస గోడ దగ్గర మంచు. నిటారు కొండ, కిందే నది. జారాడు. వాడి బకెట్ గుంజకి తగిలించినట్టే ఉంది, ఖాళీగా. రెండు రోజులకి నదిలో, దిగువన దొరికాడు. అదంతా నీకు తెలిసిందే."

"తెలుసు."

"తెలియంది చెబుతాను. ఆ డిసెంబరులో మళ్ళీ ద్రాక్ష గడ్డకట్టింది. పదకొండు మందిమి పైకి వెళ్ళాం, మనిషికో బకెట్. గానుగ దగ్గర నేనే లెక్కపెట్టాను. పన్నెండొచ్చాయి. నిండుగా."

"లెక్క తప్పి ఉంటుంది."

"మా అబ్బాయి ఎవాల్డ్ కూడా అదే అన్నాడు. రెండోసారి వాడే లెక్కపెట్టాడు. ఆ తరవాత అనలేదు." గుడులా రెండో గ్లాసును ఇటు జరిపింది. "చీకట్లో కోసేవాళ్ళం, ఎవరి బకెట్లోనైనా నాలుగు ఆకులు పడకుండా ఉండవు. పదకొండింట్లో పడ్డాయి. పన్నెండో దాంట్లో ఒక్క ఆకు లేదు. ఆ చలికి పిడులన్నీ గడ్డకట్టి చేతికి అతుక్కుంటున్నాయి. దాని పిడి ఒక్కటే తడిగా ఉంది."

"ఏం చేశారు?"

"ఏం చేస్తాం? పారబోసే దానిలా లేదు. పిండాం."

వీబ్కె రెండో గ్లాసు ఎత్తింది. ఇరవై ఏళ్ళుగా ఎరిగిన రుచే. గ్లాసు దించబోతూ ఆగిపోయింది. అది ఉన్నచోట బల్ల మీద గుండ్రంగా తడి.

ఆ తడి ఆమెకు కొత్త కాదు. హుసుమ్‌లో హెన్నింగ్ గ్లాసు కింద కూడా ఏటా మేజాగుడ్డ మీద అలాంటి చుట్టే పడేది. చల్లటి గ్లాసు చెమర్చిందనుకునేది తను. అమ్మ ఏమీ అనకుండా వేలితో దాన్ని నిమిరేది. వీబ్కె మొదటి గ్లాసు ఎత్తి చూసింది. దాని కింద చెక్క పొడిగా ఉంది. రెండో గ్లాసు వదిలిన తడిని వేలితో అద్ది వాసన చూసింది. వైన్ వాసన లేదు. ఉప్పు వాసనా కాదు, సముద్రమైతే ఆమె ఇట్టే పోల్చేది. నాచు పట్టిన చల్లటి రాళ్ళ వాసన. మంచినీటి వాసన. నదిది.

"మా అమ్మకి తెలుసు," అంది చివరికి.

గుడులా రెండు సీసాలకూ మూతలు బిగించి, "రెండు వేల ఒకటి ఇంకా రెండున్నాయి. రెండు వేల రెండు తెరవనిది ఒక్కటే ఉంది. ఏది కట్టమంటావు?" అంది.

"ఆ ఒక్కటి."

గుడులా దాన్ని కిందనుంచి తెచ్చి పాత వార్తాపత్రికలో చుట్టింది. వీబ్కె డబ్బిచ్చి, చంటిబిడ్డను పొదువుకున్నట్టు సీసాను కోటు లోపల పెట్టుకుంది.

అప్పుడే పెరటి తలుపు తోసుకుని ఎవాల్డ్ వచ్చాడు. యాభై దాటిన మనిషి, చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా, తెల్లారేసరికి మైనస్ ఎనిమిదట. నాలుగేళ్ళకి ఇప్పుడు దిగుతోంది మహాతల్లి చలి. అందరికీ ఫోన్లు చేశాను. సగం మందికి నడుం నొప్పి, మిగతావాళ్ళకి పెళ్ళాలు ఒప్పుకోలేదు. నాతో కలిపి ఎనిమిది మందిమి తేలాం."

"బకెట్లు కడిగావా?"

"తొమ్మిది కడిగాను," అన్నాడు ఎవాల్డ్, కొత్త మనిషి వైపు చూడకుండా.

వీబ్కె అతని భుజం మీదుగా పెరట్లోకి చూసింది. బకెట్లు వరసగా బోర్లించి ఉన్నాయి. వాటి వెనక పొగమంచు కొండ పాదం దాకా దిగి వచ్చింది.

"పది కడగండి," అంది.

ఎవాల్డ్ తల్లి ముఖంలోకి చూశాడు. గుడులా లేచి, గోడమేకుకున్న మందపాటి చేతితొడుగులు తీసి వీబ్కె ముందు పెట్టింది. పొయ్యి పక్క గదిలో పడుకోమంది, నాలుగింటికి లేపుతానంది. తరవాత కిటికీ దగ్గరికి వెళ్ళి, కొండ ఉండాల్సిన వైపు చూస్తూ, గొంతు కాస్త పెంచింది.

"ఒక్క ఆకు పడకూడదు. ఇద్దరికీ చెబుతున్నాను."