మూడోసారి తుంచిన చామంతి

తోటమాలి పైపు చివర బొటనవేలు అడ్డం పెట్టి, తెల్ల చామంతుల మొదళ్లు తడుపుతున్నాడు. ఆకుల మీద నీటిచుక్క పడనివ్వడు. పడితే మచ్చ తెగులు వస్తుందని గ్రంథాలయానికి వచ్చిన వాళ్లకు అడక్కపోయినా చెబుతాడు. ముప్పై ఏళ్లుగా అదే చెబుతున్నాడు కాబట్టి ఇప్పుడెవరూ ఆగి వినరు.

పూత అయిపోగానే ఈ మొక్కల్ని నేలమట్టానికి కోసేస్తాడు. మొదట్లోంచి వచ్చిన పిలకల్ని విడదీసి మళ్లీ నాటుతాడు. జానెడు ఎదిగాక చిగుళ్లు తుంచుతాడు, పక్క కొమ్మలు వచ్చాక ఇంకోసారి. అంతే, రెండుసార్లే. మూడోసారి తుంచితే పూత వెనక్కి పోతుందని అతనికి తెలియక కాదు. చెల్లెలికి ఇక నెలలే అని డాక్టరు చెప్పిన మర్నాడు మనసు ఎక్కడో ఉంది, వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. వరుస చివరికొచ్చి చూసుకునేసరికి బుట్టనిండా చిగుళ్లు.

చెల్లెలు బట్టలు కుట్టేది. మొదటి పిలక తెచ్చింది ఆవిడే, ఎవరో కొలతలిచ్చిన ఇంటినుంచి, తడిపిన గుడ్డముక్కలో చుట్టి. ఉన్న ఒక్క గదిలో మట్టెక్కడిది? అందుకని ఇక్కడ నాటాడు. పెళ్లి మాట ఎత్తిన వాళ్లకి అన్న చెల్లెల్నీ, చెల్లెలు అన్ననీ చూపించి "ముందు అక్కడ కానివ్వండి" అంటూ ఇద్దరూ తప్పించుకు తిరిగారు. ఏటా తొలిపూత రోజున ఆవిడ వచ్చి మెట్ల మీద కాసేపు కూర్చునేది. ఈ ఏడు మంచం దిగలేదు. రోజూ సాయంత్రం "పూసిందా అన్నయ్యా?" అని అడుగుతుంది. లేదని చెప్పడానికి అతనికి ప్రాణం పోయినంత పనవుతోంది.

ఇవాళ ఒక మొగ్గ కొసన తెల్లటి గీత కనిపించింది.

"మేడమ్, ఒక్క మొక్క ఇంటికి తీసుకెళ్తాను. పూశాక మళ్లీ తెచ్చి పెట్టేస్తాను," అన్నాడు లైబ్రేరియన్‌తో.

"ఇన్నేళ్లలో ఒక్క పువ్వైనా కోసుకెళ్లారా మీరు? తీసుకెళ్లండి, అడగడం దేనికి?"

వేళ్లు తెగకుండా మట్టిగడ్డతో సహా తవ్వి, అడుగున చిల్లులు పొడిచిన పాత రంగు డబ్బాలో పెట్టాడు. భోజనాల వేళ ఇంటికి మోసుకెళ్లి మంచం పక్కన స్టూలు మీద దించాడు. చెల్లెలు తల తిప్పి చూసింది.

"ఇదేనా? మొహం ముడుచుక్కూర్చుంది. అచ్చం నీలాగే."

"రెండ్రోజుల్లో విచ్చుకుంటుంది. తొందరపెట్టకు."

"తొందర నాక్కాదు అన్నయ్యా."

అతను డబ్బా అంచుకంటిన మట్టి తుడిచాడు. "తప్పు నాదే. మూడోసారి కూడా తుంచేశాను."

"తెలుసులే. ఆ రోజు చెప్పులు విప్పకుండానే పడుకున్నావు. అప్పుడే అనుకున్నాను ఏదో పాడుచేసొచ్చావని." నవ్వబోయింది, దగ్గొచ్చింది. "పనికెళ్లు, వేళవుతోంది."

చెల్లెల్ని పక్కింటావిడకి అప్పజెప్పి వెళ్లాడు.

మధ్యాహ్నం గడ్డి పీకుతుండగా అతనికి గుర్తొచ్చింది. వేళ్లు కదిలించిన మొక్కకి నీళ్లు పొయ్యలేదు! పనిలో చేరిన తొలిరోజున కూడా అలాంటి పొరపాటు చెయ్యలేదు. చెయ్యి కడుక్కోకుండా, ఎవరికీ చెప్పకుండా ఇంటిదారి పట్టాడు.

పక్కింటావిడ గుమ్మంలోనే ఎదురైంది. కళ్లు తుడుచుకుంటోంది.

"మీకు కబురు పంపబోతున్నాను. దాహమంటే గ్లాసు నిండా నీళ్లిచ్చి, మా ఇంట్లో పొయ్యి ఆర్పేద్దామని ఇలా వెళ్లొచ్చాను. అంతలోనే... నిద్రపోతోందనుకున్నాను."

అతను మంచం అంచున కూర్చుని చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు. ఇంకా చల్లబడలేదు. ఏం చెయ్యాలో తెలియలేదు. తెలిసిన పని ఒక్కటే కనుక డబ్బాలో వేలు పెట్టి చూశాడు. మట్టి బాగా తడిసి ఉంది. చిల్లుల్లోంచి కారిన నీళ్లు స్టూలు మీద నిలిచాయి.

"మీరు పోశారా?"

"నేనా? లేదే. మొక్క జోలికే వెళ్లలేదు."

అప్పుడొచ్చింది అతనికి ఏడుపు, ఆపుకోలేనంతగా. డబ్బా పక్కన గ్లాసు ఖాళీగా ఉంది, దాని మీద రెండు మట్టి వేలిముద్రలు.